మాష్టారి కొత్త కళ్ల కోసం గూడెం దాకా

ఏలూరు, కొల్లేరు, తాడేపల్లిగూడెం తిరిగొచ్చేసరికి నా బరువు మూడు కిలోలు పెరిగింది. నాలుగు రోజుల్లో మూడు కిలోలు. మామూలు మనిషికైతే బెల్టుకి ఇంకో కన్నం పొడిస్తే సరిపోతుంది. జిమ్నాస్టుకి ఇది వృత్తి మారడంతో సమానం. అయినా ఒక్క ముద్దకు కూడా నేను పశ్చాత్తాపపడటం లేదు. అటువైపు ఎప్పుడూ వెళ్లనివాళ్లు ఉంటారు కదా, వాళ్ల కోసం రాస్తున్నాను. ముందుగా ఒక సలహా: వెళ్లే రెండు రోజుల ముందు నుంచీ ఏమీ తినకండి.

నేను వెళ్లింది సలీంతో. రింగుల మీద ఆరేళ్లపాటు దేశంలో అతన్ని కొట్టినవాడు లేడు. పేపర్లో ఫొటో చూసే ఉంటారు, చూసి మరిచిపోయి కూడా ఉంటారు, అందులో మీ తప్పేమీ లేదు. పైనుంచి రెండు పట్టీలు వేలాడతాయి, వాటి చివర రెండు చెక్క రింగులు. వాటిని పట్టుకొని మనిషి గాలిలో తలకిందులవుతాడు, నిలబడతాడు, తిరుగుతాడు. అన్నిటికన్నా కష్టమైనది క్రాస్. రెండు చేతులూ అటూ ఇటూ బారగా చాపి, శరీరాన్ని నిటారుగా గాలిలో ఆపాలి. రెండు సెకన్లు. చదవడానికి పట్టేంత సమయమే. చేయడానికి సలీంకి ఏడేళ్లు పట్టింది.

నేను అతని సాధన జతగాణ్ణి. పేరు ఓబులేసు, ఊరు అనంతపురం దగ్గర. రాష్ట్ర పోటీల్లో తొమ్మిదేళ్లుగా నాలుగో స్థానం నాది. పతకాలు మూడే ఇస్తారు కాబట్టి నా స్థానం కోసం ఎవరూ పోటీ పడలేదు. అసలు నా పని సలీం రింగుల మీద ఉన్నప్పుడు కింద నిలబడటం, పడితే పట్టుకోవడం. పదేళ్లలో పడింది పదిసార్లు కూడా లేదు. అంత హాయి ఉద్యోగం.

పద్నాలుగు నెలల క్రితం మాత్రం పడలేదు, అంతకన్నా అన్యాయం జరిగింది. పైన ఉండగానే కుడి భుజం లోపల ఏదో తెగింది. రెండు ఆపరేషన్లు అయ్యాయి. రెండోసారి కుట్లు విప్పుతూ డాక్టరు, ఇంకోసారి తెగితే ఆ చేత్తో అన్నం ముద్ద నోటి దాకా తెచ్చుకోవడం కూడా కష్టమని చెప్పాడు. సలీం బుద్ధిగా తలూపాడు. ఆఫీసులో క్రీడా కోటా ఉద్యోగం ఉంది కాబట్టి కుర్చీలో కూర్చున్నాడు. కథ అక్కడ ముగియాలి.

కానీ తాడేపల్లిగూడెం నుంచి నరసింహమూర్తి మాష్టారు ఫోన్ చేశారు. సలీంకి పదేళ్ల వయసులో మొదటిసారి చేతుల మీద నిలబడటం నేర్పిన పీఈటీ మాష్టారు ఆయన. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయిందట. "నువ్వు రింగులెక్కడం టీవీలో చూడటమే గాని ఎదురుగా ఎప్పుడూ చూళ్లేదురా. అదీ మసకమసగ్గా. ఇప్పుడు కొత్త కళ్లొచ్చాయి. ఒక్కసారి వచ్చి ఆ క్రాసేదో చేసి చూపించరా సలీమూ" అన్నారు. భుజం సంగతి ఆయనకి తెలియదు. సలీం చెప్పలేదు. "వస్తానండి" అన్నాడు.

వీణ్ణి ఆపడానికి నేను వెంట వెళ్లాను. ఆపడంలో నాకున్న అనుభవం ఏమిటంటే, పడేవాణ్ణి ఆపడం వచ్చు, ఎక్కేవాణ్ణి ఆపడం రాదు.

ఏలూరు: లొంగిపోయిన ఛాంపియన్

స్టేషన్ నుంచి ఆటో అతను నలభై అడిగాడు. నేను ముప్పై అన్నాను. "మీ ఇష్టమండి, ఎండగా ఉంది కదా అని అడిగానండి" అన్నాడు మర్యాదగా. మా వైపు బేరమంటే చిన్నపాటి యుద్ధం. ఇక్కడ అవతలివాడు 'అండి' అనేసరికి నా దగ్గరున్న ఆయుధాలన్నీ పనికిరాకుండా పోయాయి. నలభై ఇచ్చి, పైగా థాంక్స్ చెప్పి దిగాను.

సలీం వాళ్ల వీధి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. స్నేహితులు చందా వేసుకొని కట్టించారట. సలీం రింగుల మీద తలకిందులుగా నిలబడ్డ ఫొటో ఇచ్చారు. ఫ్లెక్సీ వేసినాయన అది చూసి, పాపం ఎవరో పొరపాటున తిరగేసి పంపారనుకొని సరిచేశాడు. ఇప్పుడు ఫ్లెక్సీలో సలీం రెండు కాళ్ల మీదే ఉన్నాడు. చేతులు మాత్రం రెండూ పైకెత్తి, జుట్టంతా నిక్కబొడుచుకొని, పోలీసులకి లొంగిపోతున్న దొంగలా ఉన్నాడు. కింద 'ఏలూరు ముద్దుబిడ్డకు ఘన స్వాగతం' అని ఉంది.

ఫ్లెక్సీ ఆయన్ని పట్టుకొచ్చారు. ఆయన ఏమీ కంగారుపడలేదు. "తలకిందులని నాకూ అనుమానం వచ్చిందండి. కానీ శుభమా అని ఇంటికొస్తున్న మనిషిని తల్లకిందులుగా వేలాడదీస్తామా అండి? చూసినవాళ్లేమనుకుంటారు?" అన్నాడు. సలీం వాళ్ల నాన్న మస్తాన్ గారు కాసేపు అలాగే చూసి, మొహం బాగానే పడిందన్నారు. ఫ్లెక్సీ అలాగే ఉండిపోయింది.

మస్తాన్ గారిది తివాచీల పని. ఏలూరు తివాచీలంటే ఒకప్పుడు ఓడలెక్కేవట. ఇప్పుడు ఆ వీధిలో మగ్గాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆయన ఇంట్లో ఒకటుంది, గోడంత ఎత్తు. దాని ముందు బల్ల మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చొని ఉన్నిపోగులు ముడులేస్తున్నారు. మస్తాన్ గారు వెనకాల కుర్చీలో గళ్ల కాగితం పట్టుకొని చదువుతున్నారు: "ఎరుపు మూడు, నీలం ఒకటి, ఎరుపు రెండు, తెలుపు." వాళ్లు కాగితం వైపు చూడరు. ఆయన మగ్గం వైపు చూడరు. గోడ మీద మాత్రం ఒక పువ్వు మెల్లగా విచ్చుకుంటోంది.

ముడి వేసేవాళ్లే కాగితం చూసుకోవచ్చు కదా, ఒక జీతం మిగులుతుంది అన్నాను. మాది పొదుపు చేసే జిల్లా.

"చదివేవాడు ముడి వేయకూడదండి" అన్నారాయన. "ముడి వేసేవాడు చదవకూడదు. రెండూ ఒక్కడే పెట్టుకుంటే పువ్వు వంకరపోద్దండి."

మధ్యాహ్నం బిర్యానీ. ఒక విషయం ముందే తెలిసి ఉంటే బాగుండేది. మా ఊళ్లో 'ఇంకొంచెం వేయనా' అని ఒకసారి అడుగుతారు. వద్దంటే గిన్నె పక్కకు వెళ్లిపోతుంది, వేయించుకోవాలంటే నోరు తెరిచి అడగాలి. ఇక్కడ 'వద్దండి' అంటే 'కొంచెం ఆగి వేయండి' అని అర్థం. 'చాలండి' అంటే 'ముక్క చూసి వేయండి' అని. చేయి అడ్డం పెడితే చేతి మీదే వేస్తారు. సలీం వాళ్లమ్మ ఫాతిమా గారు నా విస్తట్లో మూడోసారి వడ్డిస్తూ, సలీం చేయి కడుక్కోవడానికి వెళ్లగానే గొంతు తగ్గించారు.

"మీరు పక్కనుంటారు కదా బాబూ. ఎక్కనివ్వకండి. నేను చెబితే వినడు."

నేను చెబితే అసలే వినడు అని ఆవిడతో అనలేకపోయాను. నోటినిండా బిర్యానీ ఉంది.

కొల్లేరు: నీళ్లలో నా ప్రదర్శన

రెండోరోజు మండవల్లి వెళ్లాం. సలీం అక్కయ్యను ఇచ్చింది అక్కడే. బావ చేపల లారీలకి ఐసు సప్లై చేస్తాడు. దారిలో రోడ్డుకి అటూ ఇటూ చెరువులే, వాటి గట్ల మీద కొబ్బరిచెట్లు, మధ్యలో ఎక్కడో పొరపాటున ఒక ఊరు. అనంతపురం వాణ్ణి కదా, నాకు కొంచెం కోపం వచ్చింది. మా ఇంటి ముందు ట్యాంకరు వచ్చే రోజున బిందెల వరుసలో నిలబడటానికి మా అమ్మ పెళ్లిళ్లకి వెళ్లడం కూడా మానుకుంటుంది. ఇక్కడ చేపలకి ఊరంత నీళ్లు.

సరస్సు చూపించమంటే బావ మమ్మల్ని నాగమ్మ గారికి అప్పజెప్పాడు. అరవై దాటిన మనిషి, గడకర్రతో తాటిదోనె నడుపుతుంది. తాటిమొద్దును తొలిచి చేసిన దోనె అది, సరిగ్గా ఒక మనిషి ఒళ్లంత వెడల్పు. మనిషికి యాభై. దూరంగా గూడబాతులు గుంపులుగా కూర్చున్నాయి, పెద్ద ముక్కులు రొమ్ముకి ఆనించుకొని, పింఛను కోసం వచ్చినవాళ్లలా.

నాగమ్మ గారు సలీంని చూసి, ఏం చేస్తుంటావు బాబూ అని అడిగింది. రింగులు పట్టుకొని వేలాడతానండి అన్నాడు.

"ఎందుకు?"

సలీం ఆలోచించాడు. ఆరేళ్లలో ఏ విలేకరీ అడగని ప్రశ్న. "బాగుంటుందండి" అన్నాడు చివరికి.

"మా గుడి దగ్గర చెట్టుకి గబ్బిలాలు వేలాడతాయి. వాటికి జీతమేం లేదు" అంది ఆవిడ, గడకర్ర వేస్తూ.

ఇదే అదను అనుకున్నాను. కాబట్టి నువ్వు కూడా వేలాడటం మానెయ్ అని మొదలుపెట్టి, భుజం, డాక్టరు, అన్నం ముద్ద, వాళ్లమ్మ, అన్నీ వరుసగా చెప్పాను. నా జీవితంలో అంత సీరియస్‌గా అంతసేపు మాట్లాడటం అదే మొదలు. మాట బలంగా చెప్పాలని లేచి నిలబడ్డాను. అది తాటిదోనె అని మరిచిపోయాను.

నీళ్లు మోకాలి దాకానే ఉన్నాయి, బురద మాత్రం నడుం దాకా ఉంది. సలీం నన్ను లాగడానికి ఎడమ చేయి చాచాడు. కుడి చేయి దోనె అంచు వదల్లేదు. అది నేను చూశాను. నేను చూశానని అతనూ చూశాడు.

"రెండు సెకన్లు వద్దులేరా, ఒక్కటే ఆపుతాను" అన్నాడు నన్ను పైకి లాగాక. "ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్లు. నాకు నేర్పినందుకు ఆయన ఏనాడూ ఏమీ అడగలేదు. అడిగింది ఇదొక్కటే. నా దగ్గరున్నదీ అదొక్కటే కదా."

బట్టల నుంచి బురద పిండుకుంటూ కూర్చున్నాను. నాగమ్మ గారు దిగేటప్పుడు నా యాభై తీసుకోలేదు. సగం దూరం నడిచే వచ్చారు కదండీ అంది.

ఆ పూట అక్కయ్య కొరమీను పులుసు పెట్టింది. చింతపండు, బెల్లం కూడా పడ్డ పులుసు. మా వైపు పులుసులో బెల్లమంటే వంటమనిషికి మతి తప్పిందనుకుంటారు. ఇక్కడ నాకు మతి తప్పింది. ఎన్ని ముక్కలు తిన్నానో అక్కయ్య లెక్క చెప్పబోతే సలీం ఆపాడు. అదొక్కటీ నా మీద అతనికున్న దయ.

గూడెం: ఉల్లిపాయలు, ముగ్గుపిండి

తాడేపల్లిగూడెంని అక్కడివాళ్లు గూడెం అనే అంటారు. ఊళ్లోకి దిగగానే ఉల్లిపాయల వాసన. పెద్ద మార్కెట్ ఉంది, బస్తాలు కొండల్లా పేర్చి ఉంటాయి. సలీం చిన్నప్పుడు ఇక్కడ మేనమామ దగ్గరుండి చదువుకున్నాడు. మామయ్యది ఉల్లి వ్యాపారం. ఖాళీ గోనెసంచుల కుప్ప మీద పిల్లిమొగ్గలు వేస్తుంటే అటుగా వెళ్తున్న నరసింహమూర్తి మాష్టారు చూసి, చెవి పట్టుకొని స్కూలు గ్రౌండ్‌కి తీసుకుపోయారట. శిక్ష అనుకొని సలీం రెండు రోజులు ఏడ్చాడు. మూడోరోజుకి చేతుల మీద నిలబడ్డాడు. ఆ వయసులో ఏడుస్తుంటే ఇంట్లోవాళ్లు పట్టించుకోలేదట. ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరి కళ్లు ఉల్లి ఘాటుకి కారుతూనే ఉండేవి.

మర్నాడు ఆదివారం, పొద్దున్న ఏడింటికి స్కూలు గ్రౌండ్‌లో కలవాలని మాష్టారి ఆజ్ఞ. మేం వెళ్లేసరికి ఆయన ముందే ఉన్నారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, మెడలో విజిల్. రిటైరై ఇరవై ఏళ్లయింది. విజిల్ ఎందుకండి అని అడిగితే, తీయడం మరిచిపోయానన్నారు. పొడుగ్గా, చెరుకుగడలా ఉన్నారు. కొత్త కళ్లతో సలీంని పైనుంచి కిందిదాకా చూసి, "సన్నబడ్డావు" అన్నారు. తర్వాత నన్ను చూశారు. నన్ను సన్నబడ్డావని అనలేదు.

గ్రౌండ్ మూలన పాత ఉయ్యాల ఫ్రేము ఉంది, మంచి ఎత్తైన ఇనపది. ఉయ్యాల ఎప్పుడో పోయింది. దానికి మాష్టారు కొత్త నైలాన్ తాళ్లు కట్టించి రెండు రింగులు వేలాడదీయించారు. కింద తన మంచం మీది పరుపు తెచ్చి వేశారు, దాని మీద దుప్పటి కూడా పరిచి ఉంది.

నాకు ఒక ఆశ మిగిలే ఉంది. రింగులెక్కేముందు చేతులకి తెల్లటి సుద్దపొడి పూసుకోవాలి, లేకపోతే పట్టు జారుతుంది. ఆ పొడి డబ్బా బస్సులో మరిచిపోయాను, కావాలనే. సలీం బ్యాగంతా వెతికి నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

"పౌడరా? అప్పుడేం వాడామో మరిచిపోయావా?" అంటూ మాష్టారు సంచిలోంచి పొట్లం తీశారు. ముగ్గుపిండి. ఆయన భార్య మాష్టారమ్మ పొద్దున్నే జల్లించి కట్టిచ్చారట. నా కుట్రల చరిత్ర అక్కడితో సమాప్తం.

సలీం ముగ్గుపిండి అరచేతులకి రాసుకున్నాడు. మణికట్లకి గుడ్డ చుట్టుకున్నాడు. మాష్టారు పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకొని, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

మా జిమ్‌లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త తాడు కడితే ముందు ఎవరో ఒకరు వేలాడి చూడాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. తాడు తెగితే ఛాంపియన్ పోవడం కన్నా నాలుగోవాడు పోవడం చవక. అందుకని స్టూలెక్కి రింగులు అందుకున్నాను. తాడు గట్టిగానే ఉంది. దిగబోతూ కిందికి చూశాను. సలీం పక్కకి తిరిగి, మాష్టారికి కనపడకుండా, ఎడమ చేత్తో కుడి భుజాన్ని ఒత్తుకుంటున్నాడు.

అప్పుడు నేనొక నిర్ణయం తీసుకున్నాను అని రాస్తే బాగుంటుంది. నిజానికి ఏమీ తీసుకోలేదు. దిగాలనిపించలేదు, అంతే. మోచేతులు వంచి పైకి లాక్కున్నాను.

"ఏం చేస్తున్నావురా?" అన్నాడు సలీం.

"తాడు చూస్తున్నా."

"చూసింది చాలు. దిగు."

"ఇంకా నమ్మకం కుదరలేదు."

రింగుల మీద చేతులు నిటారుగా బిగించి నిలబడ్డాను. మూడు కిలోల బిర్యానీ, కొరమీను నాతోపాటే లేచాయి. రింగులు వణికాయి, తాళ్లు వణికాయి, ఫ్రేము కూడా కొంచెం ఆలోచనలో పడింది. సలీం ఇంకోసారి దిగమన్నాడు. నేను దిగకుండా కాళ్లు ముందుకి చాపాను, అదీ వంకరగా. అదే పనిచేసింది. సలీం దేన్నైనా భరిస్తాడు గాని వంకర కాళ్లని భరించలేడు.

"మోకాళ్లు" అన్నాడు. "బిగించు. మునివేళ్లు దూరంగా. ఆపు."

ఎప్పుడు వచ్చాడో నా కిందికి వచ్చేశాడు. నేను ఇక దేని గురించీ ఆలోచించలేదు, ఆలోచించే ఓపిక కూడా లేదు. అతను చెప్పాడు, నేను చేశాను. "తల దించు. నడుం లేపు. ఇంకా. ఎడమ రింగు దగ్గరికి." అతనికి నా మొహం కనపడదు, నాకు అతని మొహం కనపడదు. మస్తాన్ గారి ఇంట్లో మగ్గం ముందు కూర్చున్నవాళ్లకి పని ఎందుకంత తేలిగ్గా ఉందో అప్పుడు అర్థమైంది. సలీం పోటీల్లో చేసే వరుస అంతా అదే క్రమంలో చెబుతున్నాడు. నేను దానికి దూరపు బంధువులాంటిదేదో చేస్తున్నాను. తలకిందులుగా నిలబడమంటే సగం దాకా వెళ్లి మర్యాదగా వెనక్కి వచ్చాను.

చివరికి సలీం గొంతు తగ్గింది. "ఇప్పుడు చేతులు తెరువు. మెల్లగా. భుజాలు కిందికి. ఇంకా తెరువు."

తెరిచాను. క్రాస్ నేను జీవితంలో ఏనాడూ ఆపలేదు. ఆ రోజు ఆపానా అంటే, ఒక సెకను ఆపాను. సెకనున్నర అని నేనంటాను, సలీం ఒప్పుకోడు. తర్వాత ఎడమ రింగు నాతో సంబంధం తెంచుకొని పక్కకి ఎగిరింది.

నేను పరుపుని తాకలేదు. సలీం ఎడమ చేయి నా నడుం చుట్టూ పడింది, కుడిది లేవకుండా పక్కనే ఉండిపోయింది, అతని రొమ్ము నా వీపుకి ఆనింది, ఇద్దరం కలిసి నెమ్మదిగా మోకాళ్ల మీద వాలాం. మాష్టారి దుప్పటి మాత్రం ముగ్గుపిండితో పాడైంది.

మాష్టారు లేచి వచ్చారు. నన్ను చూడలేదు. సలీం పక్కన కూర్చొని బొటనవేలితో కుడి భుజం మీద ఒకచోట నొక్కారు. సలీం పళ్లు బిగించాడు.

"ఎన్నాళ్లైంది?"

"పద్నాలుగు నెలలండి."

"కత్తి పడిందా?"

"రెండుసార్లండి."

"మరి ఇవాళ ఎలా ఎక్కుదామనుకున్నావు?"

"మీరు అడిగారు కదండి."

"నేను అడిగితే చెరువులో దూకుతావా?"

"ఎనిమిదో క్లాసులో దూకానండి. వాలీబాల్ కోసం."

గ్రౌండ్ అవతల ఎవరో పాలవాడు సైకిలు గంట కొట్టుకుంటూ పోయాడు. "తెలియక అడిగానురా. నాదే తప్పు" అన్నారు మాష్టారు. మా మాష్టార్లలో ఎవరూ నాతో ఇలా అనలేదు. అనాల్సినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు.

"చూపించలేకపోయానండి" అన్నాడు సలీం.

"చూశాను కదరా." ఆయన చేయి ఇంకా ఆ భుజం మీదే ఉంది. "ఆ పైన చేసేవన్నీ నువ్వు తర్వాత ఎవరెవరి దగ్గరో నేర్చుకున్నావు. ఆ విద్యలు నాకు రావు. చేతుల మీద నిలబడటం, కింద నిలబడి మనిషిని పట్టుకోవడం, ఈ రెండే నేను నీకు నేర్పింది. వీడు పడతాడని వీడికన్నా ముందు నీకు తెలిసింది. అది చూశాను."

ఇక్కడ ఇద్దరూ ఏడ్చారని రాస్తే చదివేవాళ్లకి తృప్తిగా ఉంటుంది. ఏడవలేదు. మాష్టారి కళ్లకి నెల దాకా నీళ్లు తగలకూడదని డాక్టరు చెప్పాడట. ఆయన చాలా క్రమశిక్షణ గల మనిషి. సలీం సంగతి నేను చెప్పలేను, దుప్పటి దులుపుతూ అటు తిరిగి ఉన్నాడు. అది చిన్న దుప్పటే. అతను చాలాసేపు దులిపాడు.

పెంటపాడు: దిబ్బరొట్టె

మాష్టారి ఇల్లు పెంటపాడులో, గూడెం పక్కనే. చుట్టూ వరిచేలు, అప్పుడే నాట్లేసినవి, నీళ్లలో పచ్చగా కుట్టుపని చేసినట్టున్నాయి. మాష్టారమ్మ ఇత్తడి గిన్నెలో నిప్పుల మీద కాల్చిన దిబ్బరొట్టె పెట్టారు. అరచేయంత మందం, పైన ఎర్రగా కరకర, లోపల దూది. పక్కన చెరుకు పానకం. అనంతపురంలో మేం రొట్టెని గాలికి ఎగిరిపోయేంత పలచగా చేస్తాం. ఈ రొట్టె మీద నిలబడి క్రాస్ చేయొచ్చు.

సలీంకి ఆకలి వేసింది. పద్నాలుగు నెలల్లో అతను రెండోసారి అడిగి వేయించుకోవడం నేను చూడలేదు. కుడిచేత్తో తుంచుకుంటూ, పానకంలో ముంచుకుంటూ తిన్నాడు. అది చూసి మాష్టారు విజిల్ మెడలోంచి తీసి కిటికీ మేకుకి తగిలించారు. తర్వాత మాష్టారమ్మకి జరిగిందంతా చెప్పారు. నేను ఎక్కడం, నేను వణకడం, నేను పడటం. ఆయన చెప్పిన తీరులో నేను చాలాసేపు పడ్డాను. ఆవిడ నా వైపు జాలిగా చూసి ఇంకో ముక్క వేశారు. వద్దండి అన్నాను. నాలుగు రోజులకి భాష వచ్చేసింది.

సలీం అక్కడి నుంచే వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. ఎక్కలేదమ్మీ అని మాత్రమే చెప్పాడు. ఆవిడ ఏమన్నారో నాకు వినపడలేదు. తర్వాత ఫోన్ నాకిమ్మన్నారట. "మీరు బాగా చేశారు బాబూ" అన్నారు. నేను బాగా చేశానని రింగుల విషయంలో నాతో అన్నది ప్రపంచంలో ఆవిడొక్కతే. చూడలేదు కాబట్టి.

తిరుగు రైలు

గూడెంలో మధ్యాహ్నం రైలెక్కాం. స్టేషన్ బయట మిరపకాయ బజ్జీలు కొన్నాం. నాలుగు బజ్జీలు నలభై, మధ్యలో ఉల్లిపాయ ముక్కలు, అవి మాత్రం ఆ ఊళ్లో ఎంత కావాలంటే అంత. ఏలూరు దాటుతుంటే సలీం కిటికీలోంచి చూసి, రింగుల గురించి ఒక్క మాట కూడా లేకుండా, రేపు ఆఫీసులో లీవు లెటర్ రాయాలని గుర్తుచేశాడు. మామూలు మనుషులు మాట్లాడుకునే మాట. నాకు అది చాలా ఇష్టంగా వినపడింది.

ఈ యాత్రలో నాకు పెట్టినవాళ్లకి, నన్ను దోనెలోంచి పడనిచ్చినవాళ్లకి, లాగినవాళ్లకి, పరుపు పరిచినవాళ్లకి అందరికీ కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అక్కడివాళ్లకి అది నచ్చదు. కృతజ్ఞత చెబితే, అదేంటండీ అని నొచ్చుకొని ఇంకో పొట్లం కడతారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, పొట్లం కట్టలేనంత దూరం నుంచి.

బజ్జీలు అయ్యాక సలీం ఒక ప్రశ్న అడిగాడు. పదేళ్లుగా నేను కింద నిలబడితే అతను పైన ఉన్నాడు. ఎలా ఉందని ఎవరైనా అడిగితే అతన్నే అడిగేవాళ్లు.

"పైన ఎలా ఉందిరా?"

"పదేళ్లుగా నాకు కనిపించింది నీ అరికాళ్లే" అన్నాను. "ఇవాళ మొదటిసారి నీ నడినెత్తి చూశా. జుట్టు పలచబడిందిరా."

అతను నవ్వి, కుడి చేయి మెల్లగా లేపి, నెత్తి తడుముకొని చూసుకున్నాడు.